మెరిసేదాకా గీకేవాడు

మా బావ పనిచేస్తున్నప్పుడు ఫ్యాను వేయకూడదు. కిటికీ తీయకూడదు. తలుపు కూడా ఓరగా వేసే ఉండాలి. ఎండాకాలం ఆ గదిలోకి అడుగుపెడితే ఉడికిపోతాం, అయినా ఆయన మాట మారేది కాదు. "గాలొస్తే మసి లేస్తుందిరా. లేచిన మసి ఊరికే పోదు, విప్పి పెట్టిన ఇంకో బండి నోట్లో దూరుతుంది" అనేవాడు. బండి నోటి గురించి అంత బెంగపడ్డ మనిషికి, తనకూ ఒక నోరుందని ఎన్నడూ గుర్తు రాలేదు. నాకు ఆయన మీదున్న కోపం అక్కడే మొదలవుతుంది.

ఆయన మా అక్క మొగుడు. వీధిలో అందరికీ గీకుడు మేస్త్రి. పాత మోటారుసైకిళ్ల ఇంజన్లు విప్పి, లోపల ఏళ్ల తరబడి పేరుకున్న మసిని గీకి తీయడం ఆయన వృత్తి. రంగులు వేయడు, టైర్లు మార్చడు, కొత్త బండివైపు కన్నెత్తి చూడడు. నాది పక్క షాపు, కాలిపోయిన మోటార్లకు తీగ చుడతాను. రెండింటికీ మధ్య ఒక్క రేకు గోడ. ఆయన దగ్గినా, తుమ్మినా, ఎవరినైనా తిట్టినా నాకు వినపడాల్సిందే. ఎక్కువగా వినపడేది మాత్రం గీకుడు. పొద్దున మొదలైతే దీపాలు పెట్టేవేళ దాకా అదే చప్పుడు.

ఆ పనితనం గురించి అబద్ధం చెప్పను, చూడటానికి రెండు కళ్లూ చాలవు. పిస్టన్‌ని చెక్క గిన్నెలో కూర్చోబెట్టేవాడు, జారకుండా కింద తోలుముక్క. ఇనుమును దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పిస్టన్ మెత్తటి లోహం, గీత పడితే ఆ గీతలోనే మళ్లీ మసి కాపురం పెడుతుందని ఆయన వాదన. ఎండిన వెదురుబద్ద కొసను ఏటవాలుగా చెక్కుకుని, దాంతో అంచు నుంచి మధ్యకు గీకేవాడు. అంచు చుట్టూ సన్నటి నల్ల గీత ఒకటి మాత్రం కావాలనే వదిలేసేవాడు, అది పోతే ఇంజను నూనె తాగడం మొదలుపెడుతుందట. రింగులు కూర్చునే గాడిని శుభ్రం చేయడానికి విరిగిన పాత రింగు ముక్కే వాడేవాడు. అంతా అయ్యాక పిస్టన్‌ని కిటికీ అద్దం దగ్గర పట్టుకుని తిప్పి చూసేవాడు. దాంట్లో తన మీసం కనపడితే పని అయినట్టు. మెరిస్తే శుభ్రమైనట్టు, మెరవకపోతే కానట్టు, మధ్యలో ఇంకేమీ లేదు ఆయనకి.

"కిరసనాయిలులో నానబెడితే సగం చాకిరీ తప్పుతుంది కదా బావా?" అని ఒకసారి అడిగాను.

"తీగలు చుట్టుకునేవాడివి నీకేం తెలుసురా బామ్మర్దీ! తడిస్తే మసి బురదవుతుంది. బురద కింద ఏముందో ఎవడికి కనపడుతుంది? పొడిగా గీకితేనే లోహం ఎక్కడ మొదలైందో చేతికి తెలుస్తుంది."

అలా చెప్పి నోటితో ఫూ అని ఊదాడు. మసి లేచింది. ఆ గదిలో లేచిన మసి ఎటూ పోలేక, కాసేపు వెలుగులో వేలాడి, నెమ్మదిగా దిగేది. ఆయన కనుబొమల మీద, చొక్కా మీద, సగం తాగి పెట్టిన టీ గ్లాసులో కూడా.

అంతటితో ఆగితే బాగుండేది. మసిని చూసి ఆ బండి ఏం తాగి బతికిందో చెప్పడం ఆయనకు సరదా. రంగును బట్టి తేలకపోతే వేలికి అద్దుకుని నాలుక కొసకు తాకించేవాడు. "ఇది ఇంజనాయిలు తాగిన బండి, చేదు" అనేవాడు. ఏ గోదాములోనో దశాబ్దాలు పడున్న బండి వచ్చిందంటే దాని లోపల నల్లమసి కాదు, బూడిదరంగు పొర ఉండేది. దాన్ని నాకి కళ్లు మూసుకునేవాడు. "ఇదిగో, ఇది పాతకాలం పెట్రోలు. తియ్యగా ఉంటుందిరా. కావాలంటే నువ్వూ చూడు."

"నాకు పెళ్లాంబిడ్డలున్నారు బావా" అనేవాణ్ని. ఆయన పగలబడి నవ్వేవాడు. పళ్లు తెల్లగా ఉండేవి కానీ చిగుళ్ల అంచున నీలంగా ఒక గీత ఉండేది. అది మసి అనుకునేవాళ్లం.

జనానికి పాత బండ్ల మీద మోజు పెరిగి అలాంటివి ఎక్కువగా రావడం మొదలైన రోజుల్లోనే బావలో తేడా వచ్చింది. మొదట నోరు చెడింది. ఎప్పుడూ జోకులేసే మనిషి అయినదానికీ కానిదానికీ విరుచుకుపడేవాడు. "మీ బావకి కోపం ముక్కుమీదే ఉంటోందిరా, కూరలో ఉప్పు తక్కువైందని కంచం తోసేశారు" అని అక్క నా దగ్గర కళ్లు ఒత్తుకుంది. తర్వాత కడుపునొప్పి. లోపల ఎవరో తడిబట్ట పిండినట్టుందనేవాడు, పనిచేస్తూ చేస్తూ బల్లమీదికి వంగిపోయేవాడు. గ్యాసని బిళ్లలు మింగేవాడు. ఏ వాల్వు ఎవరి బండిదో మరిచిపోయి, నావైపు వచ్చి నన్ను అడిగేవాడు, నాకేదో తెలిసినట్టు.

ఒక మధ్యాహ్నం రేకుగోడ అవతల ఠంగుమని చప్పుడైంది. పిస్టన్ కింద పడ్డ చప్పుడు. ఆ షాపులోంచి అలాంటి చప్పుడు నేను అంతకుముందు వినలేదు. పరుగెత్తి వెళ్లేసరికి బావ తన కుడిచేతిని చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. మణికట్టు దగ్గర నుంచి అరచెయ్యి కిందికి వేలాడుతోంది.

"లేవడం లేదురా" అన్నాడు, చెయ్యి ఇంకెవరిదో అన్నట్టు.

ఎడంచేత్తో దాన్ని ఎత్తి, విదిలించి, వేళ్లు ఒక్కొక్కటే లాగాడు. కాసేపటికి కొంచెం లేచింది. "నరం పట్టేసింది, అంతే. అక్కకి చెప్పావంటే ఊరుకోను." నేను చెప్పకుండా ఉంటానా? సాయంత్రమే చెప్పాను. అక్క నూనె కాచి మర్దనా చేసింది. అందరం నరమే అనుకున్నాం.

ఇప్పుడు పిట్ట గురించి చెప్పాలి. బావ కొడుకు సరుకుల వ్యాను నడుపుతాడు, కోడలు మందుల షాపులో పనిచేస్తుంది. వాళ్ల కూతురు పిట్ట. పొద్దున లేచింది మొదలు కిచకిచమంటూనే ఉంటుందని బావే ఆ పేరు పెట్టాడు. కాళ్లు సరిగ్గా నిలవకముందే దానికి మాటలు వచ్చాయి. చెంబుని చూపించి 'చెంబు' అనేది, బల్లిని చూపించి 'బల్లి' అనేది, నన్ను చూపించి కూడా 'బల్లి' అనేది. వరసకు నేనూ తాతనే, కానీ ఆ పిలుపు బావ ఒక్కడికే దక్కింది.

సాయంత్రం బావ గేటు తీసిన చప్పుడైతే చాలు, పిట్ట తూలుకుంటూ పరుగెత్తేది. ఆయన అలాగే ఎత్తుకునేవాడు. అది ఆయన చొక్కాలో ముఖం దాచుకుని, జేబులో చెయ్యి పెట్టి బిస్కెట్టు కోసం వెతికేది. జేబు అడుగున బూడిదరంగు పొడి. బిస్కెట్టు తిని, వేళ్లు కూడా నాకేది.

"స్నానం చేసి ఎత్తుకోండి, ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అనేది అక్క. ఆమె భయం ఇంకదేని గురించీ కాదు, పిల్ల గౌను మాసిపోతుందని.

"అంతదాకా ఆగుతుందా నా పిట్ట?" అనేవాడు బావ.

ఆ పిట్ట మాటలు తగ్గిపోయాయి. ఏ రోజు తగ్గాయో ఎవరం చెప్పలేం. ముందు 'బల్లి' పోయింది. తర్వాత 'చెంబు' పోయింది. చెంబు కావాలంటే వేలు చూపించి ఏడ్చేది. తిండి తినేది కాదు, కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకునేది. కొన్నాళ్లకి ఒక్క 'తాత' మిగిలింది. తర్వాత అదీ వినపడలేదు, గేటు చప్పుడైతే తల తిప్పి చూసేది, అంతే. పిల్లలు ఒక్కొక్కళ్లు ఒక్కోలా ఉంటారు, అదే వస్తుందిలే అని ఇంటికొచ్చినవాళ్లంతా ధైర్యం చెప్పారు. ఆ ధైర్యం వింటుంటే నాకు ఒళ్లు మండేది. కోడలు ఆ మాటలేవీ చెవిన వేసుకోకుండా పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లింది. బావా, నేనూ వెంట వెళ్లాం.

డాక్టరమ్మ పెద్దావిడ. పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసింది, పొట్ట నొక్కింది, ఎప్పటి నుంచి మాటలు తగ్గాయో అడిగింది. "ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారమ్మా?" అంది.

కోడలు తనదీ, మొగుడిదీ చెప్పింది. బావ తన పని తనే చెప్పుకున్నాడు, గొప్పగా, చేతులు తిప్పుతూ. కుడిచెయ్యి తిరగలేదు. ఆవిడ దాన్ని చూసింది.

"ఆ బండ్లు ఎంత పాతవండీ?"

"ఎంత పాతదైతే నాకంత ఇష్టమమ్మా."

"మసిని తడిపి గీకుతారా, పొడిగానా?"

"తడిపితే గొప్పేముందమ్మా? ఎవడైనా గీకుతాడు."

ఆవిడ కలం తీసింది. పిల్లకీ, బావకీ, ఇంట్లో అందరికీ రక్తపరీక్ష రాసింది. అందరికీ ఎందుకో నాకు అర్థం కాలేదు. బయటికొచ్చాక బావ మాత్రం "మంచి డాక్టరురా, పని గురించి అడిగి తెలుసుకుంది" అన్నాడు.

ఫలితాలు వచ్చిన రోజు ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఒకప్పుడు పెట్రోలులో సీసం కలిపేవాళ్లు. బండి పెట్రోలు తాగింది, సీసంలో కొంత ఆ మసిలో ఉండిపోయింది. బావ దాన్ని పొడి చేసి పీల్చాడు, మింగాడు, చొక్కాకి పూసుకుని ఇంటికి తెచ్చాడు. ఆయన చెయ్యి, కడుపు, కోపం, అన్నీ దాని పనే. ఇంట్లో అందరి రక్తంలోనూ ఉంది. అందరికంటే ఎక్కువ బావకి, తర్వాత పిట్టకి.

"పెద్దవాళ్ల సంగతి వేరు. ఈ పిల్ల మెదడు ఇప్పుడే పెరుగుతోంది" అంది డాక్టరమ్మ.

"పోయిన మాటలు వస్తాయా?" అని కోడలు అడిగింది.

"ఇంకొంచెం కూడా లోపలికి పోకుండా ఆపగలిగితే, రావచ్చు. ఎన్ని వస్తాయో చెప్పలేను. ఆపలేకపోతే మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదు."

బావ ఆసుపత్రి మెట్ల మీదే అరవడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లుగా గీకుతున్నాను నేను చచ్చానా, వాళ్ల మందులు అమ్ముకోవడానికి కథలు చెబుతారు, నా పని చూసి కళ్లు కుట్టాయి అని. మర్నాడు షాపు తీశాడు. గీకుడు చప్పుడు వింటూ నేను ఇవతల తీగ చుట్టలేక చేతులు కట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం ఆయన వెనకాలే వాళ్లింటికి వెళ్లాను. కోడలు వాకిట్లో నిలబడి ఉంది.

"మామయ్యగారూ, లోపలికి రాకండి" అంది.

మామగారి ముందు గట్టిగా మాట్లాడి ఎరగని పిల్ల. వెనక గదిలో పిట్ట ఏడుస్తోంది. బావ కొడుకువైపు చూశాడు. వాడు తల దించుకున్నాడు కానీ పెళ్లాం పక్కనుంచి కదల్లేదు. అక్క ఒక బకెట్టు నీళ్లు, సబ్బు, ఉతికిన బట్టలు తెచ్చి గేటు బయట పెట్టి వెళ్లిపోయింది. బావ ఆ బకెట్టు ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నా కోపమంతా ఎటు పోయిందో, వెళ్లి ఆయన వీపు రుద్దాను.

ఆ మర్నాడే షాపు ఎత్తేశాడు. విప్పి ఉన్న బండ్లన్నీ ఎవరివి వాళ్లకి అప్పగించాడు. పని చొక్కాలన్నీ పారేశారు. అక్కా కోడలూ ఇల్లంతా, గోడల పగుళ్లతో సహా తడిబట్టతో తుడిచారు. తర్వాతి పరీక్షలో పిట్ట రక్తంలో సీసం కొంచెం దిగింది. అక్క వీధిలో కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుంది. బావ మాత్రం పిల్లని ఎత్తుకోవడానికి జంకేవాడు. అది దగ్గరికొస్తే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. రెండుసార్లు అలా చేశాక అది రావడం మానేసింది. ఆయనకి అదే పెద్ద శిక్ష అయింది. కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగేవాడు. పని లేదు, పిల్ల లేదు.

షాపు ఖాళీ చేసినప్పుడు అన్నీ వదిలాడు కానీ పనిబల్ల వదల్లేకపోయాడు. ఆయన జీవితమంతా మోచేతులు ఆనించిన బల్ల అది. కర్ర గట్టిది, ఇప్పుడు కొందామన్నా దొరకనిది. కొడుకు వ్యానులో వేసి తెచ్చి పెరట్లో దించాడు. పిట్టకి దాంతో ఒక చిన్న కుర్చీ చేస్తానన్నాడు బావ. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది, మనిషి ఏదో ఒకదాంట్లో పడ్డాడని.

పైన నల్లగా నిగనిగలాడే పొర. బావ చిత్రిక పట్టాడు. కుడిచెయ్యి సరిగ్గా లేవక, ఎడమచేత్తో దాన్ని నొక్కిపెట్టి తోసేవాడు. నల్లటి చెక్కపొట్టు రేగింది. దాని కింద గోధుమరంగు, దాని కింద ఎర్రటి కర్ర బయటపడింది. దాని మీద చేత్తో నిమిరి చూసుకుని, ఫూ అని ఊది, "చూడరా బామ్మర్దీ, మసంతా పోయింది. అద్దంలా ఉంది" అన్నాడు. నిజంగానే మెరుస్తోంది. ఆయన లెక్కలో మెరిసింది శుభ్రమైనట్టే, ఇంజను ముక్కైనా, కర్రైనా. ఆ ఇంట్లో ఎవరికీ ఇంకోలా తట్టలేదు. ఆ పొడి గాల్లో లేచి పెరట్లో ఆరేసిన పిల్ల గౌన్ల మీద వాలింది. కిటికీ ఊచలు పట్టుకుని పిట్ట చూస్తోంది.

కుర్చీ ముద్దుగా కుదిరింది. పొట్టి కాళ్లు, గుండ్రటి చేతులు, ఎక్కడా ఒక్క పేడు లేదు. పిట్ట దాన్ని వదిలేది కాదు. దాంట్లోనే తిండి, దాంట్లోనే కునుకు. పళ్లు వస్తున్న పిల్ల, కుర్చీ చేతిని కొరుకుతూ కూర్చునేది. కొన్నాళ్లకి నేను వేళాకోళానికి ఆ కుర్చీలో కూర్చోబోతున్నట్టు వంగితే, అది నన్ను తోసి "నాది" అంది.

అక్క చేతిలో గిన్నె వదిలేసింది. కోడలు వచ్చి మళ్లీ అనమంది. "నాది" అంది పిట్ట. ఇల్లంతా ఏడ్చి నవ్వింది. బావ ఆ పూట ధైర్యం చేసి పిల్ల తలమీద చెయ్యి వేశాడు, అది కాదనలేదు. రోజూ పనిగట్టుకుని కుర్చీ లాగబోవడం, అది 'నాది' అనడం అందరికీ ఆటైపోయింది. కానీ ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది పిల్ల. తిండి మళ్లీ తగ్గింది. మళ్లీ కడుపు పట్టుకుని ముడుచుకోవడం మొదలైంది. కళ్ల కింద నీడలు వచ్చాయి. ఎవరం పైకి అనలేదు. అంటే నిజమవుతుందని భయం.

పరీక్షకి వెళ్లాం. డాక్టరమ్మ కాగితం చూసి, పిల్లని చూసి, మళ్లీ కాగితం చూసింది.

"మొదటిసారి కంటే ఎక్కువ ఉంది" అంది. "షాపు నిజంగా మూసేశారా?"

"ఒట్టు. నేను పక్క షాపువాణ్ని, రోజూ చూస్తున్నాను" అన్నాను.

"అయితే ఇంట్లోకి కొత్తగా ఏదైనా వచ్చిందా? పాత గిన్నె, రంగు, బొమ్మ, ఏదైనా?"

కోడలు ఆలోచించింది. గిన్నెలు లేవంది, రంగులు లేవంది, బొమ్మ కూడా కొనలేదంది. నేను బావవైపు చూశాను. ఆయన ముఖంలో నెత్తురు లేదు.

"బల్ల" అన్నాడు. "నా బల్లమ్మా. దాంతో పిల్లకి కుర్చీ చేశాను, నున్నగా. మసి చుక్క లేకుండా తీశాను. ఎర్రగా వచ్చేదాకా తీశాను."

సీసం ఆ కర్రలో ఎంత లోతుకి దిగి ఉంటుందో, చిత్రిక పట్టినప్పుడు ఎంత లేచి ఉంటుందో ఆవిడ నెమ్మదిగా చెప్పింది. బావ విన్నాడో లేదో తెలియదు. ఇంకా ఎవరో అడిగినట్టు ఎర్రగా వచ్చేదాకా తీశానని చెబుతూనే ఉన్నాడు. పిల్లని ఆ రోజే ఆసుపత్రిలో చేర్చాలంది ఆవిడ. బట్టలు తెచ్చుకోవడానికి ఒకసారి ఇంటికి వెళ్లొస్తామన్నాం. ముందు ఆ కుర్చీ బయటికి పోవాలంది ఆవిడ.

గేటు తీయగానే పిట్ట అమ్మ చంక దిగి తిన్నగా వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఎవరూ దగ్గరికి వెళ్లలేదు. కొడుకు ఒక అడుగు వేస్తే బావ చెయ్యి అడ్డం పెట్టాడు. తనే వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిల్లని లేవమని బతిమాలాడు. అది లేవలేదు. కుర్చీ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. బావ కుర్చీ లాగబోయాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది, పట్టు దొరకలేదు. ఎడంచేత్తో లాగాడు. రోజూ ఆడే ఆటే అనుకుంది పిట్ట. ముందు నవ్వింది. ఆయన ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది.

"నాది" అంది. ఆయన వదల్లేదు. "తాతా, నాది. తాతా, నాది" అని గొంతు చించుకుని అరిచింది.

రెండు మాటలు కలిపి అది మాట్లాడటం అదే మొదలు. బావ లాగుతూనే ఉన్నాడు.